లెక్క తప్పని మనిషి

చొక్కా గుండీలకు చేత్తో కాజాలు కుట్టడమే వృత్తిగా ముప్పై ఒక్క ఏళ్లు గడిపిన మనిషి ఆవిడ. దర్జీ దుకాణంలో అందరికీ కాజాలమ్మే. ఒక్కో కాజాకు నలభై రెండు కుట్లు: ఈ అంచున ఇరవై, ఆ అంచున ఇరవై, కొసన రెండు అడ్డకుట్లు. ఆ లెక్క కోసం ఆవిడ మనసు పెట్టేది కాదు; అది దానంతటదే నడిచేది. లెక్క నడుస్తుండగానే దర్జీ మాస్టారి పరాచికాలకు బదులు చెప్పేది, భర్త బతికున్న రోజుల్లో ఆయన మీద మధ్యాహ్నం దాకా మనసులో విసుక్కునేది, నలభై రెండో కుట్టు దగ్గర మాత్రం ఠక్కున దారం తెంపేది. నలభై ఒకటి దగ్గర ఆగిపోయిన కాజా ఆవిడ చేతి కింద ఒక్కటీ లేదు.

రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను, ఆరు విడతల కీమో, ఇరవై ఐదు రోజుల రేడియేషను ముగిశాక ఆసుపత్రి వారిచ్చిన కాగితం మీద ‘చికిత్స సంపూర్ణం. పరిస్థితి సంతృప్తికరం’ అని ఉంది. ఎవరికి సంతృప్తికరమో ఆ కాగితంలో ఎక్కడా లేదు. మందుల ధాటికి ఆవిడ వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. సూది దిగినా తెలిసేది కాదు. తెల్ల చొక్కా మీద ఎర్రచుక్క కనిపిస్తేనే తెలిసేది. మూడో చొక్కా పాడయ్యాక మాస్టారు, చెడ్డవాడేం కాదు, “కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమ్మా” అన్నాడు. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో ఆయనా చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

జుట్టు మళ్లీ మొలిచింది. ఆకలి తిరిగొచ్చింది. పొద్దున లేచి మొహం కడుక్కోవడానికి ఒక కారణం కావాలి కదా, అది మాత్రం తిరిగి రాలేదు. జబ్బుతో ఉన్నంతకాలం వచ్చి పలకరించిన వాళ్లే, నయమయ్యాక ఆవిడ వేలాడేసిన మొహం చూసి “గండం గడిచింది కదా, ఇంకా ఈ దిగులేమిటి?” అన్నారు. ఆరు నెలల పరీక్షకు పంతొమ్మిదో తేదీ, బుధవారం రమ్మన్నారు. వెళ్లకూడదని ఆవిడ లోలోపలే తేల్చుకుంది. జబ్బు తిరగబెడితే తిరగబెట్టనీ. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగిన వాళ్లుంటే కదా!

దిగులుగా ఉంటున్నారని ఎవరో నర్సు రాసిన చీటీతో, ఆసుపత్రిలోనే జరిగే ధ్యాన తరగతికి పంపారు. ఎనిమిది వారాలు, మంగళవారం ఉదయం, వ్యాయామం గది పక్కన తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు. నేర్పే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. మాట మెత్తన, మనసూ మంచిదే.

“మీ ఊపిరిని గమనించండి. పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రండి. మనసు ఎటైనా వెళ్లిందంటే లెక్క తప్పుతుంది. తప్పినప్పుడు కోప్పడకుండా వెనక్కి తెచ్చుకోండి, అంతే.”

ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు చెయ్యాలి. దానికొక అచ్చు కాగితం. అందులో ప్రశ్న ఒక్కటే: ఎన్నిసార్లు లెక్క తప్పింది?

గొంతు ఆపరేషనై గుసగుసగా మాట్లాడే బస్సు డ్రైవరు ఒకాయన మొదటి వారమే చేతులెత్తేశాడు. “నాకు మూడు దాటగానే మనసు డిపో దాటేస్తోందమ్మా. నలభై సార్లు తప్పాను. ఆ నలభై కూడా అందాజుగా రాసిందే!”

కాజాలమ్మ కాగితం మీద ఏడు రోజులకూ ఏడు సున్నాలు. రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే. “అమ్మను చూసి నేర్చుకోండి” అంది టీచరమ్మ. డ్రైవరు ఆవిడ వైపు ఒంగి, “ఏం తింటున్నారేమిటి?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ రాసింది అబద్ధం కాదు. లెక్క తప్పిందా అని అడిగారు, తప్పలేదు. మనసెక్కడుందని అడగడానికి ఆ కాగితంలో గడి లేదు. దిగులుతో కుంగిన మనిషిని కూర్చోబెట్టి, దిగులు ఊసే లేని కాగితం చేతికిచ్చి, దాన్ని చికిత్స అన్నారు!

ఆరు వారాలు నిండాక ఉత్తరం వచ్చింది. ‘మీ పురోగతి అత్యుత్తమం. ఇకపై తరగతికి రానవసరం లేదు. మీ స్థానం మరొకరికి కేటాయించడమైనది.’ కింద సంతకం, ముద్ర.

ఆ ఇంట్లో ఆవిడతో పాటు ఉండేది ఆడపడుచు, ఇస్త్రీ దుకాణంలో పని. ఉత్తరం చదివి ఎగిరి గంతేసినంత పని చేసింది. “ఫస్టు క్లాసులో పాసయ్యావు వదినా! మా అన్నయ్యుంటే వీధంతా చెప్పుకుని తిరిగేవాడు.”

కాజాలమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు లేవలేదు. మూడోనాడు పరీక్ష తేదీ గుర్తుచేస్తే, “నేను రాను” అంది.

“రాకపోవడమేమిటి? నీకిప్పుడేం తక్కువైందని?”

“ఏమీ తక్కువ కాలేదు. నన్నొదిలెయ్.”

ఆడపడుచుకు కోపం ముంచుకొచ్చింది. ఉతికి ఆరేసినట్టు మాట్లాడగల మనిషే, ఆ పూట మాత్రం చెప్పులేసుకుని పనికి వెళ్లిపోయింది. మర్నాడు ఉదయం వదిన అలవాటుగా కిటికీ పక్క కుర్చీలో కళ్లు మూసుకు కూర్చుంది. తరగతి వద్దన్నారు కాని, ఇరవై నిమిషాలూ వద్దనలేదు కదా. వంటింట్లోంచి ఆడపడుచు పొరపాటున కేకేసింది.

“వదినా, పాలు కాచావా?”

“కాచాను. మూత పెట్టాను.”

“నీలం దుప్పటి ఎక్కడ పెట్టావ్?”

“పై అరలో, ఎడం పక్క. కిందవి లాగకు, మొత్తం మీద పడతాయి.”

అప్పటికి గుర్తొచ్చి ఆడపడుచు నాలుక కరుచుకుంది. “అయ్యో, నీ లెక్క చెడగొట్టానా?”

“లేదే. పద్దెనిమిదో పదిలో ఏడు.”

చేతిలోని గిన్నె అలాగే పట్టుకుని ఆడపడుచు గదిలోకి వచ్చింది. “నాతో మాట్లాడుతూనే లెక్కపెట్టావా?”

“ముప్పై ఏళ్ల అలవాటు. ఆగమన్నా ఆగదు.”

“మరి ఆ ఇరవై నిమిషాలూ నువ్వేం చేస్తున్నట్టు?”

కాజాలమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. లెక్క తప్పనంత మాత్రాన మనసు అక్కడున్నట్టు కాదని ఆడపడుచుకు అప్పుడు తట్టింది. ఆ వచ్చే మంగళవారం, పంతొమ్మిదికి ముందురోజు, నలభై రెండు సున్నాల కాగితాలన్నీ సంచిలో వేసుకుని, వదిన చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

తరగతి అప్పుడే ముగిసింది. టీచరమ్మ ఫైలు తీసింది. “కాని, స్కోరు చూస్తే...”

“స్కోరు సంగతి తర్వాత. మా వదినను లెక్కపెట్టమనండి.”

కాజాలమ్మ కళ్లు మూసుకుంది. ఆడపడుచు ఎదురుగా నిలబడి ఇంటి తాళం సంగతి, అద్దాల షాపు సంగతి, పక్కింటావిడ కీచు గొంతు సంగతి వరసగా అడిగింది. అన్నిటికీ పొల్లుపోకుండా జవాబులొచ్చాయి. చివర “ఎంతదాకా వచ్చావ్?” అంటే, “నాలుగో పదిలో రెండు” అంది.

టీచరమ్మ ఫైలు మూసి పక్కన పెట్టింది. ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చుని, ఆరు వారాల్లో ఎవరూ అడగని మాట అడిగింది. “ఆ ఇరవై నిమిషాలూ ఎక్కడుంటారమ్మా మీరు?”

“మా ఇంట్లోనే” అంది కాజాలమ్మ. “నేను లేని మా ఇంట్లో. నా కుర్చీ ఎవరికిస్తారో, బట్టలు ఎవరు తీస్తారో, అన్నీ సర్దుతూ ఉంటాను. రోజూ ఇంకాస్త శుభ్రంగా ఉంటుంది.” చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ, “అక్కడ బాగుంటుందమ్మాయ్” అంది.

ఆడపడుచు చున్నీ నోట్లో కుక్కుకుంది.

టీచరమ్మ ఓదార్చబోలేదు. లేచి, పై అంతస్తులో మనోవైద్యుడికి ఫోను చేసి, ఇప్పుడే, ఈ పూటే చూడాలని గట్టిగా చెప్పింది. ఉత్తరం రద్దు చేస్తూ ఫైలులో తన చేత్తోనే రాసింది: ‘పొరపాటు మాది.’ పిలుపు వచ్చేదాకా చల్లటి నీళ్ల గ్లాసు తెచ్చి కాజాలమ్మ చేతుల్లో పెట్టింది. “లెక్క వద్దు. ఏం తెలుస్తోందో అది చెప్పండి చాలు.”

“అరచేతికి చల్లగా ఉంది. వేళ్లకు ఏమీ లేదు.”

“సరే.”

“ఏమీ లేదంటే సరే అంటావేమిటి?” కాజాలమ్మ గొంతు మొదటిసారి లేచింది. “ఈ వేళ్లతోనే కదా నేను బతికింది!” గ్లాసు ఊగి నీళ్లు ఒళ్లో ఒలికాయి. అప్పుడొచ్చింది ఏడుపు. చికిత్స జరిగిన ఏడాదిలో ఒక్కసారైనా రాని ఏడుపు. అది ఊరటా కాదు, నయమవడమూ కాదు. తను లేని ఆ ఇంట్లో కాకుండా ఈ గదిలో, ఈ కుర్చీలో కూర్చుని ఏడ్చింది, అంతే.

వైద్యుడు మాత్రలు రాశాడు, శుక్రవారం మళ్లీ రమ్మన్నాడు. ఇంటికొచ్చాక టీచరమ్మ ఇచ్చిన ఖాళీ కాగితం మీద, గళ్లు లేని చోట, కాజాలమ్మ రాసింది: ‘ఇక్కడ ఉన్నది రెండు నిమిషాలు. మిగతా అంతా అక్కడే.’

ఆడపడుచు చదివి కాగితం జాగ్రత్తగా మడిచింది. “రేపు బుధవారం. పరీక్షకు వస్తావా వదినా?”

“తెలీదే.”

“రానని మాత్రం అనకు.”

“అనలేదుగా. పొద్దున అడుగు.”