ప్రాణంతో ఒక్క గవ్వ

మా వీధిలో ఆవిడ అందరికీ గవ్వలత్తే. ఆటువేళ సముద్రం వెనక్కి తగ్గగానే రాళ్ల మడుగులోకి దిగి, రాయి ఎత్తి, కింద అతుక్కున్న చిన్న గవ్వల్ని ఏరి అమ్ముకునేది. అవి చిటికెనవేలి గోరంత ఉండేవి. నలభై ఏళ్లు వంగీ వంగీ, ఇప్పుడు నిటారుగా నిలబడితేనే నడుం నొప్పంటుంది.

ఎత్తిన రాయిని మళ్లీ ఉన్నది ఉన్నట్టే పెట్టాలని ఆవిడ పట్టుదల. రాయి తిరగబడితే దానికి అంటుకున్న గవ్వల గుడ్లు ఎండకు మాడిపోతాయి. తరవాత ఏరడానికి వచ్చినవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? మడుగంతా తిరగేసి పోయారు, గవ్వలు కరువయ్యాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, రేవు ఆఫీసువాళ్లు ఆ మడుగును పూడ్చి గిడ్డంగులు కడతామన్నారు. పూడిస్తే గవ్వలు ఇక బతకవంటూ గవ్వలత్త చెప్పులరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆవిడ పోరు పడలేక అధికారి ఒక మాటన్నాడు.

"ఆ గవ్వ ఇంకా అక్కడ బతుకుతోందని చూపించమ్మా. ప్రాణంతో ఒక్కటి పట్టుకురా, పని ఆపిస్తాను. నెలాఖరు దాకా చూస్తాను."

నెలంతా వెతికింది. బతికున్న గవ్వ మెరవదు. మెత్తటి తోలు పైకి కప్పుకుని నాచుముద్దలా ఉంటుంది. అలాంటిది ఒకటి గడువుకు ముందురోజు పొద్దున దొరికింది. గిన్నెలో సముద్రపు నీళ్లు పోసి, గవ్వను ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. అధికారి మాట గానీ గవ్వ మాట గానీ ఇంట్లో చెప్పలేదు. ముందే చెప్పుకుంటే చేతికందింది నోటికందదని ఆవిడ భయం. తెల్లారి ఆఫీసుకు పట్టుకెళదామని పడుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

కోడలు మంచి పిల్ల. ఆ మంచితనమే కొంప ముంచింది.

సాయంత్రం లేచేసరికి గిన్నె బోర్లించి ఉంది.

"ఇందులో గవ్వేదమ్మా?"

"మీరు అలిసిపోయారని నేనే ఉడకబెట్టేశాను అత్తయ్యా. సూదితో లోపలిదంతా లాగేసి నూనె రాశాను. చూడండి, ఎంత మెరుస్తోందో."

మర్నాడు ఆ గవ్వతోనే ఆఫీసుకు వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇలాంటివి బజార్లో గుప్పెళ్లకొద్దీ దొరుకుతాయమ్మా" అన్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. అయినా దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

మేము వచ్చేసరికి మట్టి లారీలు మడుగు ఒడ్డున బారులు తీరాయి. సంగతి తెలిసి కోడలు కళ్లు వాచేలా ఏడుస్తూ కూర్చుంది.

"ఒక్క ముక్క నాతో అనుంటే ముట్టుకునేదాన్నా అత్తయ్యా?"

గవ్వలత్త ఆమె పక్కన చతికిలబడింది. కోప్పడుతుందేమోనని నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నీ తప్పేముందే. కాపరానికొచ్చిన వారానికే నీ చేతికి సూదిచ్చి, లోపలిది చిరగకుండా ఎలా లాగాలో దగ్గర కూర్చుని నేర్పాను. బతికించుకోవడం మాత్రం నేర్పలేదు. నాకే రాదు."