బిర్తె గీసిన మెట్లు

ఊహ తప్పవచ్చు గాని లెక్కపెట్టినది తప్పదని చదువుకున్నవాళ్ళలో చాలామంది అనుకుంటారు. లిమ్‌ఫియోర్ సముద్రపాయ ఒడ్డున మా చిన్న మ్యూజియంలో ఇరవై రెండేళ్ళు ఎముకలు లెక్కపెట్టిన బిర్తె క్రాగెలుండ్ కూడా అలాగే అనుకుంది.

ఒడ్డునున్న పాత ఊరిదిబ్బను మావాళ్ళు పైనుంచి కిందికి పొర తర్వాత పొరగా తవ్వారు. ఏ పొరలో పశువుల ఎముకలెన్ని, చేప ఎముకలెన్ని అని లెక్కకట్టి బిర్తె ఒక గ్రాఫు గీసింది. అన్నిటికంటే పాతదైన అడుగు పొరలో చేపలు ఎక్కువ; పైకి వచ్చేకొద్దీ మెట్టుమెట్టుగా తక్కువ. ఆ జనం క్రమంగా సముద్రాన్ని విడిచి పశువులను నమ్ముకున్నారని దాని అర్థం. మేం దాన్ని ‘బిర్తె మెట్లు’ అనేవాళ్ళం. ఆమె పదవీ విరమణ చేయబోయే వసంతంలో, కొత్త ప్రదర్శన కోసం దాన్ని గోడంత పెద్దదిగా, ఆమె పేరుతో అచ్చువేయాలని నిర్ణయించారు.

తేదీలు సరిచూసుకుందామని బిర్తె పాత తవ్వకం డైరీలు తెరిచింది. మూడో వేసవి పుటలో తన చేతిరాతే ఉంది: ‘ఈరోజు జల్లెడలు వచ్చాయి.’ అంతకుముందు రెండు వేసవుల్లో, పై పొరల్లోని ఎముకలను చేత్తోనే ఏరారు. హెర్రింగ్ చేప వెన్నుపూస మిరియపు గింజంత ఉంటుంది. తడిమట్టిలో వేళ్ళకు దొరకదు; ఆ తర్వాత కింది పొరల మట్టిని కడిగిన జల్లెడల్లోనైతే మిగులుతుంది.

డైరీ పట్టుకుని మ్యూజియం అధిపతి ఐగిల్ గదికి వెళ్ళింది.

“జల్లెడ వచ్చిన చోటే చేపలు పెరిగాయి, ఐగిల్. ఇన్నాళ్ళూ నేను కొలిచింది మన జల్లెడనే.”

“కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క రాసి పారెయ్. ఎవరు చదువుతారు?”

“చదవరనేగా చిన్న అక్షరాలు.”

“నీ పేరుతో గోడెక్కేది ఇదొక్కటే, బిర్తె. వెళ్ళేముందు నీ మెట్లు నువ్వే పడగొట్టుకుంటావా? నిజంగానే చేపలు తగ్గాయేమో, నీకేం తెలుసు?”

“తెలీదు. నీకూ తెలీదు. గోడకు మాత్రం తెలిసినట్టుంటుంది.”

ఐగిల్ ప్రశ్న తీసిపారేయదగినది కాదు. ఆధారం చెడినంత మాత్రాన చెప్పిన మాట అబద్ధమైపోదు. తప్పించుకోవాలనుకునేవాడికి ఆ సందేహం చాలు. బిర్తెను కూడా నేను పెద్దగా పొగడలేను. ఆ డైరీ దాదాపు ఇరవై ఏళ్ళుగా ఆమె అలమరలోనే ఉంది.

పొరలు కనబడడానికి తవ్వకుండా వదిలిన మట్టిగోడ ఒకటి దిబ్బలో ఇంకా నిలిచి ఉంది; అన్ని పొరలూ అందులో ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే బిర్తె అచ్చువాళ్ళకు ఫోన్ చేసి గ్రాఫును ఆపించింది. ప్రదర్శన ఆ గ్రాఫు లేకుండా, ఆమె పేరు లేకుండా మొదలైంది. విరమణ తర్వాతి వేసవిలో ఆమె ఆ మట్టిగోడను పైనుంచి తవ్వుతూ, ప్రతి బక్కెట్టు మట్టినీ ఒకే జల్లెడలో కడగడానికి పూనుకుంది.