సైరాకుల్ వంతు మాంసం

సైరాకుల్ మా కిర్గిజ్ మనిషే. చేసిన నేరమల్లా సరిహద్దుకు అవతల, చైనా వైపు పుట్టడం. సరిహద్దు దారులు తెరిచిన కొత్తలో, నలభయ్యో ఏట, నారిన్ కొండల్లోని మా ఊరికి కోడలుగా వచ్చింది. ముప్పై ఏళ్లయింది. మొగుణ్ణి ఈ మట్టిలోనే పూడ్చింది. అయినా మా ఊరికి ఆమె ఇంకా "కితాయ్ వదినే", అంటే చైనా వదిన. మా ఊరి బుద్ధి అంత గొప్పది.

చైనా కంపెనీ రోడ్డు వేయడానికొచ్చాక ఆమె లేనిదే పని సాగలేదు. ఇంజనీర్లు చెప్పేది మాకూ, మేం చెప్పేది వాళ్లకూ ఆమే చెప్పాలి. పేలుళ్లకు గొర్రెలు బెదిరినా, వాగు నీళ్లు బురదైనా ఆమె గుమ్మం ముందే కేకలు.

"ఏం కితాయ్ వదినా, మీవాళ్లు మాకు కొండైనా మిగులుస్తారా?" అని పక్కింటి బాత్మా దెప్పేది.

"కొండెందుకే వాళ్లకి! నీ నోరు అద్దెకిస్తావేమో అడగమన్నారు. పేలుడు మందు ఖర్చు కలిసొస్తుందట."

అలా నవ్వించేది గానీ, ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు. పుట్టింటివాళ్ల నుంచి ఫోన్లు ఆగిపోయి ఏళ్లయింది.

మా విందుల్లో ఏ ముక్క ఎవరిదో వయసే చెబుతుంది. గొర్రె తోకమాంసం ఊరి ఆడవాళ్లలో పెద్దామెది. ఆ చలికాలం ముసలి జాంగిల్ పోయాక పెద్దామె సైరాకులే. రోడ్డు పూర్తయిందని విందు చేసిన రోజు, పెట్టె అడుగునుంచి, మా పెద్దవయసు ఆడవాళ్లు చుట్టుకునే తెల్ల తలగుడ్డ తీసి చుట్టుకుంది.

"ఇవాళ నా వంతు నాకు పెడతారు కదూ, మాస్టారూ?" అని నన్నడిగింది.

"పెట్టక చస్తారా అక్కా," అన్నాను.

విందు గుడారంలో తోకమాంసం బాత్మా ముందుకెళ్లింది. బాత్మా ఆమెకన్నా రెండేళ్లు చిన్నది. సైరాకుల్‌ని ఇంజనీర్ల పక్కన కూర్చోబెట్టి, బయటినుంచి వచ్చిన అతిథికి పెట్టే తొడ ఎముక పెట్టారు. నాకు సిగ్గేసింది. తలొంచుకుని నా వంతు నేను తిన్నాను.

ఊరిపెద్ద తుర్దుబాయ్ లేచాడు. "మా ఐదుగురు అతిథులకీ దండాలు. చెప్పమ్మా, మీవాళ్లకి చెప్పు."

ఇంజనీర్లు వచ్చింది నలుగురే.

రోడ్డు పని జరిగిన రెండేళ్లలో ఆమె ఎవరి మాటా మార్చి చెప్పలేదు, తిట్లతో సహా.  ఆ రోజు మాత్రం వాళ్ల భాషలో, "మా నలుగురు అతిథులకీ దండాలు," అంది.

ఇది చాన్నాళ్లకు ఆమే నాకు చెప్పింది. అప్పుడు ఇంజనీర్లు తలలూపారు, మేం చప్పట్లు కొట్టాం. ఆ గుడారంలో రెండు భాషలూ తెలిసింది ఆమె ఒక్కదానికే.