కుడివైపు పడిన బండి

యూష్వాంగ్ మనుషుల మాట నమ్మదు. బండి తెచ్చినవాళ్ళు "ఊరికే పడిపోయింది" అంటే తల ఊపుతుంది గాని, కళ్ళు మాత్రం రేకు మీది గీతల మీదే ఉంటాయి. తుంగ్‌కాంగ్ రేవులో చేపల పెట్టెలు మోసే మోటారు సైకిళ్ళన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతిలో పడ్డవే. తండ్రి మంచం పట్టిన ఏడు బడి మాని పానా పట్టింది. నల్లచేతుల పని అంటారు దీన్ని అక్కడ. పెళ్ళయిన కొత్తలో ఆ చేతులతో టీ ఇస్తే అత్తగారు గ్లాసు ఎత్తి వెలుతురులో తిప్పి తిప్పి చూసి, తాగకుండా పక్కన పెట్టేది. అనుమానం ఆ ఇంట్లో ఉప్పులాంటిది. అన్నింట్లోనూ కాస్త ఉండేది.

ఆ రోజు పొద్దున చేపల ఆకున్ బండి తోసుకుంటూ వచ్చాడు.

"బ్రేకు తొక్కుదామంటే కాలు పట్టట్లేదు వదినా. పొద్దున లేచి చూసేసరికి ఇలా ఉంది."

బ్రేకు పెడలు లోపలికి వంగి ఇంజనుకి ఆనుకుపోయింది. ఆమె మనసులో ఏదో గుచ్చుకుంది. పక్క స్టాండు ఉండేది ఎడమవైపు. నిలబెట్టిన బండి తనంతట తాను పడితే ఎడమకే పడాలి, గేరు కడ్డీ వంగాలి. బ్రేకు పెడలు ఉండేది కుడివైపు. కుడికి పడిందంటే ఎవరో తోసి ఉండాలి. ఈమధ్య ఇలాంటివే వస్తున్నాయి, అన్నీ సందు మలుపులో గోడ దగ్గర పెట్టిన బళ్ళే.

"ఎవరు తోశారో?" అంది తల ఎత్తకుండా.

ఆకున్ నవ్వాడు. "మా వీధిలో డాక్టరే జ్వరాలు పంచుతున్నాడని చెప్పుకుంటున్నారు."

"నాన్చకు. సూటిగా చెప్పు."

"నిన్న సాయంత్రం మీ ఆయన నా బండి మీద చేతులేసి కనిపించాడట. నేను చూడలేదు, విన్నాను. బేరాలు తగ్గాయి కదా, పాపం."

యూష్వాంగ్ పానా అందుకుంది. పెడలుని ఇరుసు నుంచి ఊడదీసింది. బండి మీద ఉండగానే గొట్టం దూర్చి లాగేస్తారు కొందరు. పెడలు లేస్తుంది, ఇరుసు వంకరపోతుంది. ఆమె పెడలుని బల్లకున్న వైసులో బిగించి, వంపు దగ్గర ఎర్రబడేదాకా వేడిచేసి, గొట్టం తొడిగి కొద్దికొద్దిగా లాగింది. ఇనుము వంగింది. మనసు మాత్రం అలాగే బిగిసి ఉంది. దుకాణం పేరు ఒకసారి పోతే రేవులో ఎవరూ ఈ గుమ్మం తొక్కరు. అంతకన్నా, పక్కలో పడుకునే మనిషి దొంగైతే?

టైర్లకి గాలి కొట్టే పని ముగించుకుని భర్త జిన్‌దింగ్ లోపలికి వచ్చాడు. వైసులో ఉన్న పెడలు చూసి చప్పున చూపు తిప్పుకున్నాడు.

"నిన్న సాయంత్రం గోడ దగ్గర ఏం చేస్తున్నావు?"

"గాలి బాగా వీస్తుంటే నిలబడ్డాను."

"నిన్న ఆకు కూడా కదల్లేదు."

"అయితే ఉక్కపోతకి నిలబడ్డాను," అని గాలి గొట్టం చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. అబద్ధం ఆడటం కూడా చేతకాదు ఈయనకి, అనుకుంది. చేతకానివాడు ఇంతపని చేయగలడా? కానీ ఆ చూపు ఎందుకు తిప్పుకున్నట్టు?

సాయంత్రం బండి తీసుకోవడానికి ఆకున్ వచ్చేసరికి చెత్తబండి పాట మొదలైంది. సందు సందంతా చెత్త సంచులు పట్టుకుని పరుగెత్తింది. యూష్వాంగ్ చేతులు తుడుచుకుని మలుపు దాకా నడిచింది. వెనకే ఆకున్.

గోడ దగ్గర జిన్‌దింగ్ ఉన్నాడు. ఎవరిదో బండి సీటు మీద రెండు చేతులూ ఆనించి ఉన్నాడు.

"చూశావా వదినా!" అన్నాడు ఆకున్, నిధి దొరికినట్టు.

ఆమె అడుగు ముందుకు వేసేలోపు అత్తగారు రెండు చేతుల్లో రెండు పెద్ద సంచులతో గబగబా వచ్చి, ఎదురుగా కొండలా ఉన్న బండికి నేరుగా గుద్దుకుంది. అక్కడ నేల కుడిపక్క కాలువ వైపు వాలు. అందుకే స్టాండు మీద బండి ఎడమకి ఒరగక నిటారుగా ఉంటుంది, చెయ్యి తగిలినా కుడికి వాలుతుంది. జిన్‌దింగ్ గట్టిగా పట్టుకుని ఆపాడు.

"నెమ్మదమ్మా. బండి ఉంది."

"ఎక్కడుంది?" అందావిడ, దాన్ని తడుముతూనే.

ఆకున్‌కి ఇంకా అర్థం కాలేదు. "అందరూ చూస్తుండగా బళ్ళు తోసి పెళ్ళానికి పని తెచ్చిపెడుతున్నావా?" అన్నాడు పెద్ద గొంతుతో. జనం తిరిగి చూశారు.

జిన్‌దింగ్ తల వంచుకుని బండిని సరిగ్గా నిలబెట్టాడు.

ముసలావిడ సంచులు కింద పడేసింది. "ఎవడ్రా నా కొడుకుని దొంగ అన్నది? ఆకున్‌గాడి గొంతేనా? నీ బండి పడేసింది నేను! దారికి అడ్డంగా పెట్టింది గాక మాటలొకటి. చేపలు మోసీ మోసీ నీ బుర్ర కూడా కంపుకొడుతోంది."

"కనబడలేదా పెద్దమ్మా?"

"కనబడితే గుద్దుకుంటానా!"

చెత్తబండి పాట దూరమైంది. సంచులు అక్కడే ఉండిపోయాయి. ఆకున్ చెవులు ఎర్రబడ్డాయి. వంగి ఆ సంచులు తీసుకుని చెత్తబండి వెనక పరుగెత్తాడు.

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది," అన్నాడు జిన్‌దింగ్ భార్యతో. "రోజూ నేనే కాపలా ఉంటున్నాను. ఆలస్యమైన రోజు లేపి నిలబెట్టేవాణ్ణి."

"నాకెందుకు చెప్పొద్దన్నారు అత్తయ్యా?"

"చెబితే ఏం చేస్తావో తెలీదా? గుడ్డిదాన్నని అంత దూరం తైపేలో పెద్దకొడుకింటికి తోలేస్తావు."

జిన్‌దింగ్ భార్య వైపు తిరిగాడు.

"నువ్వు కూడా నేనే అనుకున్నావు కదూ?"

"అనుకున్నాను," అంది.

ఆ పూట అతను ఆమె వడ్డించిన చేపల గంజి సగం వదిలేసి లేచాడు. మర్నాడు మాత్రం పొద్దున్నే దుకాణం తలుపు తనే ఎత్తి, "అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. నేను తీసుకెళితే దారిలో దిగిపోతుంది," అన్నాడు.

కంటి ఆసుపత్రికి బండి మీద బయలుదేరారు. అత్తగారు కోడలి నడుం పట్టుకోలేదు, సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకుని బిగుసుకు కూర్చుంది. ప్రతి మలుపులోనూ ముందుకు వంగి చెవిలో అడిగింది.

"ఇది తైపే బస్సెక్కే దారి కాదు కదా?"