పసుపు యార్డులో పారా కమాండో

మా అక్క కొడుకు ఆర్మీలో ఉన్నాడు, ఇప్పుడు పారా కమాండోలకు పేరిచ్చాడు. "అమ్మ సరే అంటేనే పోత" అని వాడు, "అదేందో తెలిసినంకనే చెప్త" అని అక్క. సాయంత్రం ఫోన్లో జవాబివ్వాలి. మధ్యలో నలిగేది నేను.

ఆ సంగతి తెలిసిన మనిషిని అడుగుదామని ఏడున్నరకు నిజామాబాద్‌లో ఆర్మూర్ బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, సీటుంది. నాకు టికెట్ ఉంది, సీటు లేదు.

"గిది కనుక్కునేతందుకు గంత దూరమా? ఫోన్ల చూస్తే రాదా?" అంది నా సంగతంతా విన్న సీట్లోని పెద్దమ్మ. అప్పటికే చూశాను. హెలికాప్టర్లు, పాటలు తప్ప ఏం లేవు.

ఎనిమిదిన్నరకు ఆర్మూర్‌లో రైతులు పసుపు అమ్ముకునే యార్డు. ఆ దళంలో హవల్దారుగా చేసి రిటైరైన అంకాపూర్ రైతు తన కుప్ప పక్కన సంచి మీద కూర్చున్నాడు. వచ్చిన పని చెప్పాను. "కూసో సేటూ" అని ఊరుకున్నాడు.

మాది మూడు తరాల కిరాణా. బేరంలో ముందు నోరు విప్పినవాడు ఓడినట్టే అని మా నాయన నేర్పాడు. నేనూ బిగబట్టి కూర్చున్నాను. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. దుమ్ముకు తుమ్మి తుమ్మి నా ముక్కు పసుపైంది. ఆయన కదల్లేదు. పదింటికి చాయ్ వస్తే తాగి మళ్లీ మౌనం.

"అన్నా, జర ఏమన్న చెప్పు" అన్నాను, సిగ్గు విడిచి.

"మంచుల చప్పుడు చెయ్యకుంట మూడు దినాలు పండుకున్నోణ్ని. నీతోటి గీ గంటన్నర ఎంత?" అని నవ్వాడు.

అప్పుడు చెప్పాడు. అరవై ఐదు పాకిస్తాన్ యుద్ధంలో సరిహద్దు అవతల పనికని ఏరి కూర్చిన చిన్న గుంపు, ఆ తర్వాత పటాలమైందట. డెబ్బై ఒకటిలో ఎడారిలో శత్రువు వెనక్కి పోయి దెబ్బ కొట్టారట. కొద్దిమంది పోవాలి, చూడాలి, కొట్టాలి, రావాలి. "మరి నువ్వేం చేసినవ్?" అంటే పసుపు ధర ఎత్తుకున్నాడు. నాలుగు తీర్లుగా అడిగాను. నాలుగుసార్లూ పసుపే.

చివరికి ఒక పసుపు కొమ్ము విరిచి చూపించాడు. "పైన పాలిష్ అన్నిటికుంటది. లోపలి రంగు విరిస్తేనే తెలుస్తది. మొదటి మూడు నెలలు గదే పని. శానామంది వాపసొస్తరు, తప్పేం లేదు. మీ అక్కకు చెప్పు, వాడు వాపసొస్తే ఎందుకొచ్చినవని అడగొద్దు. అక్కడ్నే ఉంటే ఏడున్నవని అడగొద్దు. గీ రెండు మాటలు మింగుకోగలిగితేనే సరే అనమను."

తిరుగుదారిలో, పేరున్న అక్కడి నాటుకోడి కూర కోసం అంకాపూర్‌లో దిగాను. కోడి మొత్తం చెప్పాలన్నారు. ఒంటరివాడికి సగం ఇవ్వరట. అక్కడా నా బేరం సాగలేదు.

రెండింటి బస్సులో సీటు దొరికింది. అక్కకు ఫోన్ చేసి ఆయన మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. అవతల చప్పుడు లేదు. కట్టయిందేమోనని చూశాను. కాలేదు. ఈసారి నేను నోరు విప్పలేదు. బస్సు నిజామాబాద్‌లోని కంఠేశ్వర్ చేరేసరికి వినబడింది.

"పొమ్మను. నేనేం అడగ."

పొద్దుట్నుంచి ముందు మాట్లాడకుండా నేను గెలిచింది ఇదొక్కటే. వాణ్ని పంపింది నేనే అనిపించి, బస్టాండులో దిగాక కూడా ఇంటికి పోబుద్ధి కాలేదు.