మూడు కాలాల పథ్యం

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి తన రెండేళ్ల కొడుకుకు మామిడిపండు రసం పిండి తాగిస్తుంటే, వద్దే, సెగగడ్డలు లేస్తాయి అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. అది నా మాట కాదు, మా నాయనమ్మది. ఆ మాట వెంటే పెనుబల్లి దాటాక అడవి అంచున ఉన్న మా ఊరూ, అప్పటికింకా మాటలు సరిగా రాని మా చెల్లెలూ కళ్లముందు నిలిచారు.

అమ్మానాయనలు పొద్దున్నే పొలానికి పోయేవాళ్లు కాబట్టి చెల్లెలు నాయనమ్మ ఒడిలోనే పెరిగింది. నా తర్వాత పుట్టిన తమ్ముడు విరేచనాలతో పోయాడు, అందుకని ఈ పిల్లకు ఏది పెట్టాలన్నా నాయనమ్మకు భయం. ఎండాకాలం ఊరి చుట్టూ తోటల్లో మామిడిపండ్లు రాలిపడుతున్నా వేడి చేస్తుందని దానికి పెట్టేది కాదు. వానలు పడగానే దొడ్లో గోంగూర, తోటకూర, మునగాకు ఏపుగా వచ్చేవి; అప్పుడేమో కడుపు చెడుతుందని ఆకు ముట్టనిచ్చేది కాదు. పైగా అవి నాట్ల రోజులు, అమ్మ పొద్దు పొడవకముందే పోతే పొద్దుగూకినాకే రావడం, కూర కోసి వండే తీరిక ఎవరికీ ఉండేది కాదు. చలికాలం గుమ్మడికాయ పెడితే దగ్గు వస్తుందట. చివరికి ఏ కాలమైనా దానికి మిగిలింది మెత్తటి అన్నం, చారు నీళ్లు. నన్నయితే అడిగేవాళ్లే లేరు, తునికిపండ్ల దగ్గర నుంచి దొరికిందల్లా తింటూ చెట్లెక్కి తిరిగేదాన్ని.

నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, ఇంకా దీపం పెట్టకముందు, చెల్లెలు గిన్నె ముందు కూర్చుని అన్నం వదిలేసి పక్కన నేలమీద తడుముతోంది. నాయనమ్మ ఆట అనుకుంది.

"ఏందే దొంగదానా, నేలకు బువ్వ తినిపిస్తున్నవా?" అని నవ్వింది.

మర్నాడు అదే వేళకు గడప తగిలి పడ్డది. ఆ తర్వాత మసకపడితే చాలు నాయనమ్మ కొంగు వదిలేది కాదు. పగలు మాత్రం పాకే చీమను కూడా వేలితో చూపించేది.

పక్క ఊరి ఆసుపత్రి నర్సమ్మ వచ్చి టార్చిలైటు వేసి చూసి, ఇది రేచీకటి, ఆలస్యం చేస్తే చూపే పోతుందని చెప్పి, చెంచాతో మందు పోసింది. పిల్లకు ఏం పెడుతున్నారని అడిగితే, నాయనమ్మ ఏమేం పెట్టడం లేదో గర్వంగా చెప్పింది.

"గవన్నీ వేడి గద బిడ్డా, సంటిపిల్ల తట్టుకుంటదా?"

"వేడికి బుగులువడి కండ్లు పోగొట్టుకుంటమా అవ్వా? బొప్పాయి పెట్టు. మునగాకు పప్పుల వెయ్యి, నూనె సుక్క మరవకు. కడుపు చెడితే నన్ను తిట్టు."

"తిట్టుడేంది, నీ ఇంటికొచ్చి కూసుంట!"

అన్నదే గాని, నర్సమ్మ సందు తిరగకముందే మునగకొమ్మ వంచింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పొద్దుగూకే వేళంటే పరీక్షే. దీపం పెట్టనివ్వకుండా నాయనమ్మ చెల్లెల్ని వాకిట్లో ఒడిలో కూర్చోబెట్టుకుని, కోడిపిల్ల ఏదే, అక్క ఏదే అని అడిగేది. అది చప్పుడు వినిపించిన వైపు వేలు పెట్టేది. నేను కదలకుండా నిలబడితే ఎక్కడున్నానో పోల్చలేకపోయేది. అలా కొన్ని సాయంత్రాలు గడిచాక ఒకనాడు, ఎవరూ ఏమీ అడగకముందే, అది చేయి చాచి నాయనమ్మ ముక్కుపుల్ల పట్టుకుని లాగింది. నాయనమ్మ అబ్బా అని అరిచి, ఏడ్చి, ఇంకా లాగమన్నట్టు ముఖం దగ్గరగా పెట్టింది.

దేన్నయినా కూడి చూసుకోవడం నాకు అలవాటు. నాయనమ్మ వద్దన్నవి ఒక్కొక్కటిగా చూస్తే దేని న్యాయం దానిదే. కాలాలన్నీ కలిపి కూడితే ఆ పిల్ల పాలికి సున్నా మిగిలింది. అంత ప్రేమతో కాచుకున్న మనిషికి ఆ కూడిక తోచలేదు, పక్కనే తిరిగిన నాకూ తోచలేదు.

ఇప్పుడు మా ఊళ్లో మామిడితోటలు కొన్ని పామాయిల్ తోటలయ్యాయి, దొడ్లు సిమెంటు చేశారు, కాలం ఏదైనా పిల్లల చేతుల్లో అదే బిస్కెట్ ప్యాకెట్టు. పొద్దు వాలకముందే ఇళ్లలోనూ స్తంభాలకూ లైట్లు వెలుగుతాయి. మంచిదే. కాని చీకటి పడేదాకా పిల్లను ఒడిలో పెట్టుకుని దాని కళ్లలోకి చూస్తూ కూర్చునే మనిషి ఏ వాకిట్లోనూ కనబడదు. అసలు మసక వేళ అన్నదే మా ఊళ్లో లేకుండా పోయింది.