తలుపవతల ఏం కూర

జగిత్యాలలో మధ్యాహ్నం పూట కరెంటు పోతే మా అపార్టుమెంటు ఉన్నట్టుండి పాతకాలపు గల్లీ అయిపోతుంది. టీవీలు నోరు మూసుకుంటాయి, పక్కింటి పోపు చిటపటలు కూడా మన ఇంట్లోవే అన్నట్టు వినిపిస్తాయి. మొన్న అలాంటి వేళ వంటింట్లో నిలబడి పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డ తరుగుతున్నాను. కాలింగ్ బెల్లు మోగదు కనుక ఎవరో మా ఇనుప జాలీ తలుపు గొళ్లెం ఆడించారు. ఇనుము మీద ఇనుము పడిన ఆ చప్పుడుకు నా చేతిలో కత్తి ఆగిపోయింది. మరుక్షణం నోరు దానంతటదే అడిగేసింది. "ఎవలు? ఏం కూర తిన్నరు?"

ముందుగదిలోంచి మా ఆయన "మొదలైంది" అన్నారు. పెళ్లయి ఇన్నేళ్లయినా నా ఈ అలవాటు ఆయనకు నవ్వులాటే. గొళ్లెం ఆడించింది కింది అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి అయివుంటుంది, పాపం, మా ఇంటి పద్ధతి ఆమెకేం తెలుసు? ఆమె జవాబు వెతుక్కునేలోపు నేను మనసులోనే కోరుట్లకు, చిన్నప్పటి మా ఎదురింటి రాజవ్వ దగ్గరికి వెళ్లివచ్చాను.

నా చిన్నతనంలో కోరుట్లలో మా గల్లీకి కొన్ని అలవాట్లుండేవి. దీపాలు పెట్టే వేళకే తలుపులు మూసేవారు. గడప బయట ఇంటివాళ్ల చెప్పులే కనబడాలి. చుట్టం వస్తే ఆయన చెప్పులు కూడా ఆయనతోపాటే లోపలికి వచ్చి మంచం కింద పడుకునేవి. నాన్నకు దగ్గొస్తే చప్పుడు బయటికి పోకుండా తువ్వాలలోకి దగ్గేవాడు. అన్నిటికన్నా వింత పెద్ద బగోన సంగతి. గల్లీలో పెళ్లికైనా పేరంటానికైనా అన్నం వండే ఆ గిన్నె రాజవ్వ ఇంట్లో ఉండేది. అంత గిన్నె కంటబడితే ఎంతమందికి వండుతున్నారని పోలీసులెవరైనా అడుగుతారని, దాన్ని అటుక మీదికి ఎక్కించి, బోర్లించి, పాత చెద్దరు కప్పారు. దాని కింద ఎవరో ముడుచుకుని కూచున్నారని నా గట్టి నమ్మకం. అటుక ఉన్న గదిలోకి నేను తల వంచుకుని, ఒక కన్ను మూసుకుని పోయేదాన్ని.

రాజవ్వది మా ఎదురిల్లు. భర్త ఎప్పుడో పోయాడు. బీడీలు చేసి కొడుకు మల్లేశాన్ని పెంచింది. ఎప్పుడు చూసినా ఒడిలో చాట, చాటలో తంబాకు, జుట్టులో తునికాకు ముక్కలు. ఆమె పక్కన కూచుంటే నాకు తుమ్ములు ఆగేవి కావు, అయినా లేవాలనిపించేది కాదు. ఆ మల్లేశమే ఒకనాడు ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు. అడవిలోని అన్నలతో, అంటే నక్సలైట్లతో, పోయిండని గల్లీ అంతా గుసగుసలాడింది. ఆరోజు పొద్దున అన్నం కూడా తినకుండా పోయాడని రాజవ్వ ఒక్కతే పైకి చెప్పుకుని ఏడ్చింది.

ఆ తర్వాత మా గల్లీకి పోలీసు జీపు రావడం మొదలైంది. రాత్రయితే అన్నలు, పగలైతే పోలీసులు. ఆడించే గొళ్లెం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఒకనాడు అలా ఆడించినవాళ్లు మల్లేశం సంగతి అడగాలంటూ మా నాన్నను స్టేషనుకు తీసుకుపోయారు. మరునాడు పంపించారు, ఏమీ చేయలేదు. కానీ బల్లికీ, సూదిమందుకూ భయపడాల్సిన వయసులో నాకు గొళ్లెం భయం పట్టుకుంది. ఆ చప్పుడు వినబడితే వడ్ల గుమ్మి వెనక దూరేదాన్ని. వచ్చింది పాలామె అని తెలిసినా బయటికి వచ్చేదాన్ని కాదు. అన్నం మానేశాను, బడిలో ఎవరైనా తలుపు కొట్టినా బల్ల కిందికి పోయేదాన్ని.

చివరికి నాన్న ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎండాకాలం సెలవులు అయిపోయే నాటికి నేను మామూలుగా లేచి తలుపు తీయగలిగితే సరి, లేకుంటే సిరిసిల్లలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంచి అక్కడి బడిలో వేస్తానన్నాడు. ఆ ఊళ్లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో గొళ్లెం చప్పుడు ఎవరికీ వినబడదని ఆయన లెక్క. నేను అంతకుముందు అక్కడ ఉండి వచ్చినదాన్నే. మగ్గాలు ఆడినంతసేపూ బాగానే ఉండేది. కరెంటు పోయి అవి ఆగితే మాత్రం ఇల్లంతా చెవులు రిక్కించినట్టు అనిపించేది. పైగా అమ్మ లేని ఇంట్లో నాకు నిద్ర ఎట్లా పడుతుంది? అమ్మ మాత్రం ఏం చేస్తుంది, కళ్లు తుడుచుకుంటూనే నా బట్టలు రేకుపెట్టెలో సర్దింది.

ఆ పెట్టెను చూసి రాజవ్వకు కోపం వచ్చింది. నన్ను చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయి చాట ముందర కూచోబెట్టింది. గొళ్లెం చప్పుడైతే ఎవరని అడగాలని అందరూ చెప్పారు కదా, అడిగితే ఏమైందని నిలదీసింది. ఎవరైనా సరే 'నేనే' అంటారు, ఆ మాటకు ఇంకా భయమేస్తుందన్నాను. ఆమె ఆకు కత్తిరించడం ఆపి కాసేపు ఆలోచించింది.

"గట్లయితే కూర అడుగు బిడ్డా. ఏం కూర తిన్నవని అడుగు. తిన్నోడైతే కడుపు సల్లగుంటది, నిన్నేం జేస్తడు? తిననోడైతే అన్నం వెడ్తం. గీ ఇద్దరిల నువ్వు ఎవలకు భయపడ్తవో జెప్పు."

నేను చాలా ఆలోచించాను. భయపడాల్సిన మూడోవాడు దొరకలేదు. ఆ సాయంత్రం నుంచి రాజవ్వ మా గొళ్లెం ఆడించి, "రాజవ్వను, బీరకాయ" అని అరిచేది. ఆమెను చూసి పాలామె, ఆమె వెనక చాకలి ఓదెలు, అట్లా గల్లీ అంతా కూర పేరు చెప్పకుండా తలుపు ముట్టడం మానేసింది. కొత్తలో నా కోసమే చేశారు. తర్వాత అది వాళ్లకే సరదా అయింది. ఎవరింట్లో ఏం ఉడుకుతుందో అందరికీ తెలిసిపోయేది. పక్కింటి కిష్టయ్య ఎప్పుడు వచ్చినా కోడికూర అనేవాడు. వాళ్లావిడ వెనకనుంచి "పచ్చిమిరపకాయ తొక్కు" అని దిద్దేది. నేను గుమ్మి వెనకనుంచే నవ్వడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు గుమ్మి పక్కన నిలబడి అడిగే ధైర్యం వచ్చింది. కానీ లేచి తలుపు తీయడం మాత్రం నావల్ల కాలేదు. సెలవులు కరిగిపోతున్నాయి, రేకుపెట్టె మూలనే ఉంది.

ఒక పొద్దుటి వేళ రాజవ్వ ఇంట్లో తునికాకులు తడుపుతుంటే గొళ్లెం గట్టిగా మోగింది. అలవాటు కొద్దీ అడిగేశాను. అవతల బూట్ల కిరకిర వినిపించి అప్పుడు అర్థమైంది, ఎవరిని అడిగానో. రాజవ్వ ముఖంలో రంగు లేదు. ఒక ముదురు గొంతు, అచ్చం మా నాన్న గొంతులాగే అలసిపోయిన గొంతు, జవాబు చెప్పింది.

"పప్పుచారు బిడ్డా. మెస్సుల దినాం గదే."

తలుపు రాజవ్వే తీసింది. వాళ్లు ఇల్లంతా వెతికారు. అటుక ఎక్కి బగోన కూడా ఎత్తి చూశారు. దాని కింద ఎవరూ లేరని పోలీసుల దయవల్ల నాకు తేలిపోయింది. పోయేముందు, పప్పుచారు అన్న ఆ ముసలి కానిస్టేబులు మంచినీళ్లు అడిగి తాగాడు. ఆ తర్వాత ఆయన మా గల్లీకి ఎప్పుడు వచ్చినా బయటనుంచే పప్పుచారు అని చెప్పి గొళ్లెం ముట్టేవాడు.

బడి తెరిచే ముందటి ఆదివారం సంగతి. మర్నాడు నన్ను సిరిసిల్ల బస్సు ఎక్కించాలని నాన్న అప్పటికే నిశ్చయించాడు. చివరిసారి రాజవ్వ పక్కన కూచుందామని మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాను. అప్పుడే గొళ్లెం మోగింది, చాలా మెల్లగా, మోగాలా వద్దా అన్నట్టు.

"ఎవలు? ఏం కూర తిన్నరు?" అన్నాను.

గాలికి ఆడిందేమో అనుకుంటుండగా ఒక మగ గొంతు పలికింది.

"ఇంక తినలే."

రాజవ్వ ఒడిలోని చాట పక్కకు ఒరిగి తంబాకంతా నేల మీద పోయింది. ఆమె లేచి గడప వైపు పోలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి పోయి ఊదుగొట్టం అందుకుంది.

"తలుపు తియ్యి బిడ్డా. నేను అన్నం వండుత."

పొయ్యి విడిచి వస్తే అవతలివాడు మళ్లీ తినకుండా పోతాడని ఆమె భయం. అది అప్పుడు నాకు తెలియదు. ఇంట్లో ఇంకెవరూ లేరు, తలుపు తీయాల్సింది నేనే అని మాత్రం తెలిసింది. ఆకలిగా ఉన్నవాడికి భయపడేదేముందని నాకు నేనే చెప్పుకుంటూ పోయి గొళ్లెం తీశాను. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయిన మనిషి నిలబడి ఉన్నాడు. నాకన్నా ఆయనే ఎక్కువ భయపడుతున్నట్టు కనిపించాడు. మల్లేశన్న. అన్నీ విడిచిపెట్టి, సర్కారుకు లొంగిపోయి, జైలులో కొద్దిరోజులే ఉండి, ఊళ్లోకి కబురు రాకముందే విడుదలై నేరుగా ఇంటికి వచ్చాడట.

ఆ పొద్దుగూకక ముందే పెద్ద బగోన అటుక దిగింది. గల్లీ అంతా రాజవ్వ వాకిట్లో కూచుని తిన్నది, తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టుకుని. కిష్టయ్య ఆరోజు నిజంగానే కోడికూర తిన్నాడు. తలుపు తీసింది నేనేనని అమ్మ చెబితే నాన్న నా వైపు చూశాడు. ఇంటికి రాగానే రేకుపెట్టె తెరిచి, నా గౌన్లు ఒక్కొక్కటిగా తీసి మళ్లీ దండెం మీద వేశాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు, ఆ రాత్రి అమ్మ కొంగు పట్టుకునే పడుకున్నాను.

రాజవ్వ కొడుకు పెళ్లి చూసి, మనవరాలిని ఎత్తుకుని, కాలం చేసింది. ఆమెను గురించి ఎవరికైనా చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె ముఖం కాదు, పొయ్యి వైపు తిరిగిన ఆ వీపు. భయం నాకు ఇప్పుడు కూడా ఉంది. ఆసుపత్రి ఫోనులకు, పిల్లల మౌనాలకు భయపడతాను. కాకపోతే ఏ భయం వచ్చి గొళ్లెం ఆడించినా ముందు దాన్ని తిన్నావా అని అడగగలను. ఆ ధైర్యం ఆమె పెట్టినదే.

మొన్నటి మధ్యాహ్నానికి వస్తాను. జాలీ తలుపు అవతలినుంచి ఎట్టకేలకు కింది అంతస్తు అమ్మాయి గొంతు, సిగ్గుపడుతూ వినిపించింది. "ఇంకా ఏం తినలేదు ఆంటీ. పొద్దున్నే గ్యాస్ అయిపోయింది, ఫోను చేస్తే రేపు తెస్తామంటున్నారు."

గొళ్లెం వేసి లేదు, తోసుకుని రమ్మన్నాను. నేను అప్పటికే కంచం కడుగుతున్నాను.